ముఖం చూడని సాక్షి

“ఆ కాగితాలు ఇటిచ్చెయ్ వదినా. పొయ్యి ఇంకా ఆరలేదు,” అన్నాడు హెనెఖ్.

బ్లూమా బీరువాకు వీపు ఆనించి నిలబడింది. తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది. నిన్న సాయంత్రం, యుద్ధంలోంచి బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలు రాసుకునే చరిత్ర సంఘం ఆఫీసు నుంచి ఆ కాగితాలను కోటు లోపల దాచుకుని తెచ్చినప్పటి నుంచీ అది ఆమె పిడికిట్లోనే ఉంది. కాగితం ముక్క కూడా ఆఫీసు గుమ్మం దాటకూడదన్నది అక్కడి మొదటి నియమం. కొత్తగా చేరినవాళ్లకు ఆ నియమం చెప్పేది బ్లూమాయే. తప్పు చేయడానికి తగిన మనిషే దొరికింది.

“నువ్వు కాగితాలు కాలిస్తే అన్షెల్ నాలుక కాలిపోతుందా?” అంది.

“అన్షెల్ సోమవారం సరిహద్దు దాటి వెళ్లిపోతున్నాడు. సంతకం పెట్టడానికి కాగితమే లేకపోతే మళ్లీ మొదట్నుంచీ చెప్పే ఓపిక ఆయనకెక్కడిది?”

“చెబుతాడు. నేను మళ్లీ రాస్తాను.”

“రాయవు.”

“రాస్తాను.”

“చెల్లెలి కడుపు మీద కాగితం పెట్టుకుని రాస్తావా?”

ఆ మాట అనేశాక హెనెఖ్ తనే ఉలిక్కిపడ్డాడు. టోపీలు కుట్టుకుని బతికే మనిషి అతను. తల కొలతలు తీసేటప్పుడు కూడా ‘కాస్త ఇటు తిరుగుతారా’ అని బతిమాలే రకం. అలాంటివాడి నోటి వెంట అంత మాట వచ్చిందంటే ఆ ఇల్లు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

బల్ల దగ్గర మిండ్లా సబ్బాతు రొట్టె కోసం పిండిని జడలా అల్లుతోంది. ఏడో నెల. కడుపు బల్ల అంచుకు తగలకుండా కాస్త ఎడంగా నిలబడి, చేతులు చాచి అల్లుతోంది. ఒకవైపు అక్క, ఒకవైపు మొగుడు తన గురించే తగువు పడుతున్నా తల ఎత్తలేదు. నిన్న అక్క చెప్పిన సంగతి విన్నప్పటి నుంచీ నోరు విప్పనే లేదు. అల్లడం అయిపోయింది. అంతా విప్పేసింది. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

“మెల్లిగా మాట్లాడు,” అంది బ్లూమా లోపలి గది వైపు కళ్లు తిప్పుతూ. “పెసియమ్మ వింటుంది.”

లోపలి గదిలో పెసియమ్మ ఊలు మేజోళ్లు అల్లుతోంది. సూదుల చప్పుడు ఆగకుండా వస్తోంది. ఈ ఇంట్లో అందరికంటే జాలిపడాల్సింది ఆవిడ గురించే. మిండ్లా మొదటి భర్త షయే ఆవిడ కొడుకు. యుద్ధమంతా కజకస్తాన్ ఇటుకబట్టీల్లో గడిపి, మొన్న వసంతంలో ఒక్క మూటతో క్రాకోవ్ స్టేషన్లో దిగేసరికి, బిడ్డల్లో ఎవరూ మిగల్లేదని తెలిసింది. మిగిలింది ఈ కోడలొక్కతే. ఆ కోడలికి అప్పటికే హెనెఖ్‌తో మళ్లీ పెళ్లయిపోయింది. ముసలావిడ ఎంత గోల చేస్తుందోనని ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి చూశారు. పెసియమ్మ మూట కింద పెట్టి, హెనెఖ్‌ను పైనుంచి కిందిదాకా చూసి, “పొట్టివాడివే. ఫరవాలేదులే. నా కొడుక్కి కద్దీష్ చెప్పే దిక్కు లేదు, నువ్వు చెప్పు నాయనా,” అంది.

మన యూదుల్లో చనిపోయిన తండ్రి కోసం కొడుకు చెప్పాల్సిన ప్రార్థన కద్దీష్. షయేకు కొడుకుల్లేరు. అందుకని ఆనాటి నుంచీ రోజూ సాయంత్రం, కింది అంతస్తులోని ప్రార్థన గదిలో, రెండో భర్త మొదటి భర్త కోసం కద్దీష్ చెబుతూ వచ్చాడు. పెసియమ్మ ఆడవాళ్ల తెర వెనక నిలబడి ఆమెన్ అంటూ వచ్చింది. అంత నిదానంగా సర్దుకున్న ఇల్లు ఇది.

“ఆవిడకి ఏమని చెబుతావు?” హెనెఖ్ గొంతు తగ్గించాడు. “నీ కొడుకు బతికున్నాడని చెబుతావా? బతికున్నాడని అన్షెల్ అన్నాడా?”

“అనలేదు. చచ్చిపోయాడని కూడా అనలేదు. గొడవంతా అదే కదా.”

అన్షెల్ బండి తోలుకునే మనిషి. యుద్ధం ఆఖరి చలికాలంలో జర్మన్లు క్యాంపు ఖాళీ చేయించి మంచులో నడిపించినప్పుడు షయే అతని ముందు వరసలో నడిచాడు. వెనకబడినవాళ్లను కాల్చి రోడ్డు పక్కన పడేశారు. వాళ్లలో షయేను చూశానని అన్షెల్ పోయినేడు రబ్బీ ముందు సాక్ష్యం చెప్పాడు. రబ్బీ అడగాల్సిందే అడిగాడు. “ముఖం చూశావా? నుదురు, ముక్కు చూశావా?” మన ధర్మంలో బట్టలు సాక్ష్యానికి పనికిరావు. బట్టలు ఒకరివి ఇంకొకరు తొడుక్కోవచ్చు, ముఖం తొడుక్కోలేరు. చూశానన్నాడు అన్షెల్. ఆ ఒక్క మాట మీద మిండ్లా విధవ అయింది. ఆ ఒక్క మాట మీద హెనెఖ్ భార్య అయింది.

ఇప్పుడు సరిహద్దు దాటిపోయే ముందు, తాను చూసిందంతా చెప్పి పోదామని అన్షెల్ చరిత్ర సంఘానికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని రాసుకుంటున్న బ్లూమా ఎవరో అతనికి తెలియదు. చెబుతూ చెబుతూ, నీళ్లు తాగి, “ఇంకో మాట కూడా రాసుకో అమ్మాయ్. ఆ మనిషి బోర్లా పడున్నాడు. ముఖం నేను చూడలేదు. కోటు చూశాను,” అన్నాడు. మోచేతి దగ్గర గోధుమరంగు మాసిక ఉన్న కోటు. అది షయే కోటేనని వరసలో అందరికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో కోటు రొట్టెముక్కకి చేతులు మారేది. “మరి రబ్బీతో చూశానని ఎందుకన్నారు?” అని బ్లూమా అడిగింది. “గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. బక్కగా, చలికి వణుకుతూ. చూడలేదంటే బతికినంతకాలం అలా నిలబడే ఉంటుంది కదా అనుకున్నాను,” అన్నాడు అన్షెల్.

ఎదురుగా కూర్చున్నది ఆ పిల్ల అక్కేనని బ్లూమా చెప్పలేదు. రాసింది. చెప్పినదంతా చెప్పినట్టు రాసింది.

“సంఘంలో అది టైపు చేస్తారు,” అంది బ్లూమా ఇప్పుడు. “రబ్బీగారి మనిషి వారం వారం వచ్చి, ఎదురుచూసే ఆడవాళ్ల మొగుళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని ప్రతి వాంగ్మూలం చదువుతాడు. ఇదీ చదువుతాడు. నాకు తెలీదనుకున్నావా?”

“తెలిసీ ఇస్తానంటున్నావు.”

“నేను ఇస్తాననలేదు హెనెఖ్. తగలబెట్టనంటున్నాను.”

“రెండూ ఒకటే. మొదటి మొగుడు చచ్చాడన్న రుజువు లేకపోతే మా పెళ్లి పెళ్లే కాదు. ఆ తర్వాత వాడు బతికున్నాడని తేలితే నా బిడ్డ…” అతను ఆ మాట పూర్తి చేయలేదు. అలా పుట్టిన బిడ్డకు మన సమాజంలో పిల్లనివ్వరు, పిల్లను తీసుకోరు. ఆ బిడ్డ బిడ్డలకూ అంతే. అలాంటి బిడ్డకు ఒక పేరుంది. దాన్ని ఆ వంటగదిలో పలికే ధైర్యం ఇద్దరికీ లేదు.

“నువ్వు ఒక్క వాక్యం వదిలేస్తే సరిపోతుంది,” అన్నాడు.

“ఇవాళ నా చెల్లెలి కోసం ఒక్క వాక్యం. రేపు ఇంకొకడు తన అన్న కోసం ఒక పేజీ. మన గురించి జర్మన్లు రాసిన అబద్ధాలు గిడ్డంగుల నిండా ఉన్నాయి. మనం రాసుకున్నది ఇంతే.” బ్లూమా తాళంచెవిని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె భర్త, ఆమె కూతురు ఎక్కడ ఎలా పోయారో చెప్పే సాక్షి ఇంతవరకూ దొరకలేదు. వచ్చిన ప్రతి మనిషి నోటా ఆ రెండు పేర్లు వస్తాయేమోనని పెన్సిల్ పట్టుకుని కాచుకుని కూర్చుంటుంది. ఎవరో ఎవరి మీదో జాలిపడి ఆ రెండు పేర్లూ వదిలేసి ఉంటే?

సూదుల చప్పుడు ఆగింది.

“పొద్దు వాలిపోతోంది. ఇంకా ఎంతసేపు పోట్లాడుకుంటారు?” అంటూ పెసియమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కొత్త మేజోడు వేలాడుతోంది. “ఇటురా హెనెఖ్, కొలత చూసుకో.”

“ఎందుకమ్మా కొలత? నా రెండు కాళ్లూ అందులోనే పడతాయి,” అన్నాడు హెనెఖ్, నవ్వు తెచ్చిపెట్టుకుని. ఆవిడ అతనికి మేజోళ్లు అల్లడం, అవి ఎప్పుడూ పెద్దవైపోవడం ఇంట్లో పాత వేళాకోళమే.

“ఉతికితే కుంచించుకుపోతాయిలే,” అని ఆవిడ ఎప్పటిలాగే అంది. ముగ్గురి ముఖాలూ చూసింది. మేజోడు మడిచి మూలనున్న బుట్టలో వేసింది.

మిండ్లా రొట్టె పొయ్యిలో పెట్టింది. బ్లూమా తాళంచెవి జేబులో వేసుకుంది. పొద్దుగూకే ముందు ఆడవాళ్లు ముగ్గురూ కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకున్నారు. సబ్బాతు వచ్చేసింది. ఇక రేపు నక్షత్రాలు కనిపించేదాకా ఆ ఇంట్లో ఎవరూ కలం పట్టకూడదు, ఎవరూ నిప్పు ముట్టకూడదు. బ్లూమా రాయడానికి లేదు, హెనెఖ్ కాల్చడానికి లేదు. బీరువాలో ఆ కాగితాలు నిశ్చింతగా పడుకున్నాయి. మనుషులకే ఆ అదృష్టం లేకపోయింది.

*

ప్రార్థన అయ్యాక హెనెఖ్ ముందుగా మేడెక్కి వచ్చాడు. చాలాసేపటికి గానీ పెసియమ్మ రాలేదు. ఈమధ్య మెట్ల మీద దీపం ఉండడం లేదు. ఎండాకాలంలో పక్క ఊళ్లో మనవాళ్లను ఇళ్లలోకి చొరబడి చంపిన తర్వాత పై అంతస్తు వాళ్లంతా ఒక్కొక్కరే మూటలు సర్దుకుని పోయారు. ఖాళీ గదుల్లో కిటికీ రెక్కలు కొట్టుకుంటూ ఉంటాయి. వీధి తలుపుకు కొత్తగా ఇనప గడియ బిగించారు. ఆవిడ రావడం ఆలస్యమైతే గుండె దడదడలాడే రోజులవి.

వచ్చి కూర్చుంది. హెనెఖ్ ద్రాక్షరసం మీద దీవెన చెప్పాడు. రొట్టె కోసి ఉప్పులో అద్ది అందరికీ ఇచ్చాడు. పెసియమ్మ తన ముక్క ముట్టుకోలేదు.

“ఇవాళ నీ గొంతు వినపడలేదు నాయనా.”

హెనెఖ్ తల దించుకున్నాడు. “గొంతు బొంగురుపోయిందమ్మా.”

“దీవెన బాగానే చెప్పావే ఇప్పుడు.”

హెనెఖ్ తన రొట్టె మీది ఉప్పు దులిపాడు.

“తెర వెనక నిలబడ్డాను. ఆమెన్ అందామని నోరు తెరిచాను. కద్దీష్ చెప్పేవాళ్లు చెబుతున్నారు. నీ గొంతు లేదు.” ఆవిడ బల్ల మీది రొట్టె ముక్కల్ని వేలితో ఒక పక్కకు చేర్చింది. “ఎందుకు మానేశావు?”

బతికున్నాడేమో అనిపించిన మనిషి కోసం కద్దీష్ ఎలా చెబుతాడు? అది ప్రార్థన కాదు, శాపం. హెనెఖ్‌కు అబద్ధాలు రావు. అబద్ధం ఆడడం నేర్చుకోకుండా ఆ యుద్ధంలోంచి ఎలా బయటపడ్డాడో దేవుడికే తెలియాలి. అతను సాయం కోసం బ్లూమా వైపు చూశాడు. బ్లూమా మిండ్లా వైపు చూసింది. మిండ్లా చారు తాగుతూ ఉండిపోయింది.

“రేపు చెబుతాను,” అన్నాడు చివరికి.

“చెప్పు. మానకూడదు. మానితే జనం అడుగుతారు. ఎందుకు మానేశాడని అడుగుతారు. ఒక్కరోజు కూడా మానకూడదు.”

అప్పుడు బ్లూమా ఆవిడ కళ్లు చూసింది. వాటిలో దుఃఖం లేదు, భయం ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్లూమా ఎదురుగా కూర్చునే ముఖాల మీద కనిపించేవి ఆ రెండే. వాటి తేడా ఆమెకు బాగా తెలుసు. కొడుకు పోయిన తల్లి, జనం ఏమడుగుతారోనని ఎందుకు భయపడాలి?  

*

మర్నాడు మధ్యాహ్నం, రొట్టెలవాడి బట్టీలో రాత్రంతా ఉడికిన బార్లీ, చిక్కుళ్ల కుండ తెచ్చుకుని తిన్నాక, పెసియమ్మ నడుం వాల్చింది. మిండ్లా గోడ వైపు తిరిగి పడుకుంది. కిటికీ దగ్గర హెనెఖ్, బ్లూమా ఒకరినొకరు చూడకుండా నిలబడ్డారు.

“నేనతన్ని ఎప్పుడూ చూడలేదు వదినా,” అన్నాడు హెనెఖ్. నిన్నటి కోపం గొంతులో లేదు. “ఇన్నాళ్లూ రోజూ అతని పేరు తలుచుకున్నాను. ఎలా ఉండేవాడో, ఎలా నవ్వేవాడో పెసియమ్మని అడిగి తెలుసుకున్నాను. నా తమ్ముడి మీద కూడా అంత ప్రేమ లేదు నాకు. నిన్నట్నుంచి మాత్రం, దేవుడా, వాడు చచ్చిపోయే ఉండాలి అని మొక్కుకుంటున్నాను. ఇలాంటి మొక్కు మొక్కేవాణ్ని ఏమంటారు?”

“తండ్రి అంటారు,” అంది బ్లూమా.

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకు అతని మీద కొండంత జాలి కలిగింది. కాగితాలు ఇచ్చేద్దామా అని కూడా అనిపించింది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

ఇద్దరూ బిగుసుకుపోయారు. లోపల మిండ్లా లేచి కూర్చుంది.

“ఎవరది?” అంది బ్లూమా.

“దొంగను కాను తల్లీ. దొంగయితే తలుపు కొడతాడా? తీయండి, మెట్లెక్కి ఊపిరాడ్డం లేదు.”

అన్షెల్. తెల్లగెడ్డం, భుజాన సంచీ. లోపలికి వస్తూనే మాటలు మొదలుపెట్టాడు. “ఆఫీసు కాపలాదారు నీ ఇల్లు చెప్పాడమ్మాయ్. మా ప్రయాణం ముందుకి జరిగింది. దారి మూసేస్తారట, ఈ రాత్రికే లారీ. నువ్వు చదివి వినిపిస్తే విని, సంతకం పెట్టి పోతాను. చుక్కలు పొడిచేదాకా ఇక్కడే కూర్చుంటాను. ముసలాణ్ని, పెద్దగా చోటు తిననులే. ఈ దేశంలో యూదుడు ముసలివాడయ్యాడంటే ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందన్న…”

మిండ్లా గుమ్మంలో నిలబడి ఉంది.

అన్షెల్ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమెను గుర్తుపట్టాడు. ఆ తర్వాత కడుపు చూశాడు. ఆ తర్వాత హెనెఖ్‌ను, బ్లూమాను చూశాడు. ఇద్దరు ఆడవాళ్ల పోలికలు అప్పుడు కనిపించాయి కాబోలు, గోడ పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“నాకు తెలీదు,” అన్నాడు. “అమ్మాయ్, నాకు తెలీదు. ఆ పిల్ల నీ చెల్లెలని చెప్పలేదేం?”

“సాక్షికి మా సంగతులు చెప్పకూడదు,” అంది బ్లూమా.

పెసియమ్మ తలగుడ్డ సర్దుకుంటూ వచ్చింది. అతన్ని చూసి ఆగింది. “మావాడితో కలిసి నడిచినవాడివి నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“కూర్చో. పొయ్యి మీద కెటిల్ ఇంకా వేడిగానే ఉంది. టీ తాగు,” అంది. గ్లాసు నిండాక కూడా ఆవిడ పోస్తూనే ఉంది, టీ బల్ల మీదికి ఒలికింది. సాయంత్రం దాకా ఆ గదిలో అయిదుగురూ కూర్చున్నారు, నలుగురు ఒకే సంగతి తలుచుకుంటూ. అయిదో మనిషి ఏం తలుచుకుంటోందో ఇంకా ఎవరికీ తెలియదు.

*

చుక్కలు పొడిచాయి. హెనెఖ్ కిందికి వెళ్లలేదు. ఆ రోజూ కద్దీష్ లేదు. ఇంట్లోనే జడలా పేనిన కొవ్వొత్తి వెలిగించి, సబ్బాతును సాగనంపే దీవెన చెప్పి, ద్రాక్షరసంలో వత్తి ఆర్పాడు. ఎవరూ అడగకుండానే వెళ్లి పొయ్యి రాజేశాడు. దాని తలుపు మూయకుండా పక్కనే కూర్చున్నాడు.

బ్లూమా బీరువా తెరిచి కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఉండమ్మాయ్,” అన్నాడు అన్షెల్ గబగబా. “చదివేటప్పుడు సాక్షి తప్పులు దిద్దుకోవచ్చని నువ్వే చెప్పావు. అవునా? ఆ కోటు సంగతి కొట్టెయ్. నేను ముఖం చూశాను. చూశానని రాసుకో.”

హెనెఖ్ లేచి నిలబడ్డాడు. నిన్నట్నుంచీ మూసుకుపోయిన దారి ఒక్కసారిగా తెరుచుకుంది. నియమం కూడా తప్పలేదు. సాక్షే చెబుతున్నాడు, సాక్షే దిద్దుతున్నాడు. బ్లూమా చేయాల్సిందల్లా ఒక గీత గీయడమే.

ఆమె పెన్సిల్ తీసుకుంది. పెట్టేసింది.

“అన్షెల్‌గారూ, నుదురు చూశారా? ముక్కు చూశారా?”

ముసలాయన పెదవులు కదిలాయి.  మిండ్లా కడుపు వైపు చూసి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

“చూశానంటున్నాడు కదా! ఇంకేం కావాలి నీకు?” హెనెఖ్ అరిచాడు. “అతను చూశానంటే చూడలేదంటావు, చూడలేదంటే రాస్తావు. నువ్వు మనిషివా, రాతి బొమ్మవా?”

“చదువక్కా.”

అందరూ అటు తిరిగారు. ఆ మాట మిండ్లాది. చాలాసేపు వాడని గొంతు జీరగా వచ్చింది. “ఉన్నది ఉన్నట్టు చదువు. నా గురించి ఇంతమంది జాలిపడ్డారు. జాలిపడి నన్ను విధవని చేశారు, జాలిపడి పెళ్లి చేశారు. మొన్న నువ్వు చెప్పేదాకా ఒక్కరైనా నిజం చెప్పారా నాకు?”

బ్లూమా చదివింది. మంచు, రోడ్డు, వరసలు, తుపాకి చప్పుళ్లు. చిన్న అక్షరాలతో తాను రాసుకున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చాక గొంతు మారకుండా దాన్నీ చదివింది. “ఆ మనిషి బోర్లా పడున్నాడు. ముఖం నేను చూడలేదు. కోటు చూశాను.” చదువుతూ పెసియమ్మ వైపు చూసింది. ఆ తల్లి పడిపోతుందేమో, పట్టుకోవాలేమో అనుకుంది.

పెసియమ్మ పడిపోలేదు. కేక పెట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడో విన్న సంగతి మళ్లీ వింటున్నట్టు తల ఆడిస్తూ కూర్చుంది.

“నన్ను క్షమించండమ్మా,” అన్నాడు అన్షెల్ ఆవిడ ముందు నిలబడి. కన్నీళ్లు గెడ్డంలోకి జారుతున్నాయి. “సంతకం పెడతాను. ఉత్త సంతకంతో వదిలిపెట్టను. ఎల్లుండికల్లా అవతల ఉంటాను. అక్కడ శిబిరాలున్నాయి, మనవాళ్లు వేలమంది ఉన్నారు. ప్రతి శిబిరం గోడ మీదా మీవాడి పేరు రాస్తాను. ప్రతి మనిషినీ అడుగుతాను. బతికుంటే వెతికి తీసుకొస్తాను. మీ కొడుకుని మీకు…”

“వెతకొద్దు.”

“ఎందుకమ్మా?”

“వద్దన్నాను కదా, వెతకొద్దు.”

“కన్నతల్లివి, నువ్వే వద్దంటే ఎలా? వెతికితే తప్పేముంది?”

“వెతికితే దొరుకుతాడు,” అంది పెసియమ్మ.

పొయ్యిలో కట్టె పగిలి నిప్పురవ్వలు నేల మీద పడ్డాయి. హెనెఖ్ వాటిని కాలితో తొక్కలేదు. అతని చూపు మూలనున్న బుట్ట మీద పడింది. అందులో జతలు జతలుగా మడిచిన మేజోళ్లు. పొడుగాటి మనిషి మేజోళ్లు.

“ఎప్పుడు?” అన్నాడు. 

“నేను వచ్చిన కొన్నాళ్లకు. స్టేషన్ దగ్గర నా కోసం కాచుకున్నాడు. ఈ ఇంటికి రాబోతున్నాడు.” పెసియమ్మ ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. “నేనే చెప్పాను, నీ పెళ్లాం ఇంకొకరి భార్య, నీళ్లోసుకుందని. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. చాలాసేపు కూర్చున్నాడు. లేచి, ‘అయితే నేను చచ్చిపోయే ఉంటానమ్మా, వాళ్లని కద్దీష్ చెప్పనీ’ అన్నాడు. పోయాడు. నేను రోజూ వెళ్లి ఆమెన్ అన్నాను. బతికున్న బిడ్డ మీద, రోజూ. ఇక నన్నేం చేస్తారో చెయ్యండి.”

హెనెఖ్ పొయ్యి పక్క పీట మీద కూలబడ్డాడు. కాగితాలు కాల్చినా, కాల్చకపోయినా ఇక ఒకటే. ఆ నిజం ఇప్పుడు అయిదుగురి చెవుల్లో ఉంది.

మిండ్లా లేచింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. ఎందుకు దాచావని అత్తను అడగలేదు. భర్త వైపు చూడలేదు.

“ఎక్కడున్నాడు అత్తయ్యా?”

ఆ గొంతు హెనెఖ్ ఎప్పుడూ వినలేదు. తనతో కాపురం చేసిన ఇన్నాళ్లలో ఆమె ఎవరి గురించీ, దేని గురించీ ఆ గొంతుతో అడగలేదు.

పెసియమ్మ నోరు తెరవబోయి ఆగింది. ఆవిడ చూపు బల్ల మీదికి పోయింది. బ్లూమా కూడా అటే చూసుకుంది. అన్షెల్ వాంగ్మూలం పక్కన ఇంకో కాగితం ఉంది. దాని మీద తన చెయ్యి ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. సాక్షి పేరు పెసియా అని ఉంది. స్టేషన్ అని ఉంది. రోడ్డు మీద కూర్చుండిపోయాడని ఉంది. ఎదుటి మనిషి నోరు విప్పితే రాయడం తప్ప ఆ చేతికి ఇంకేదీ రాదు.

“ఆ పెన్సిల్ కింద పెడితే చెబుతాను,” అంది పెసియమ్మ. “రాసేదైతే చచ్చినా చెప్పను.”

“పెట్టెయ్యక్కా,” అంది మిండ్లా.

కింద వీధిలో లారీ హారన్ మోగింది. అన్షెల్ సంచీ భుజాన వేసుకుని, సంతకం కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు. మిండ్లా అక్క ముఖంలోకి చూస్తోంది. బ్లూమా చేతిలో పెన్సిల్ ఇంకా కాగితం మీదే ఉంది.